మీటరు డయల్ మార్చబోతున్న మా అల్లుడికి

రాయగడ

అల్లుడూ,

ఆశీస్సులు. నీ మారుతీ 800 మీటరులో అంకెలు ఎండకి వెలిసిపోయాయనీ, తెల్ల డయల్, అంటే ముల్లు వెనక అంకెలుండే పలక, తెప్పించి నువ్వే విప్పి వేసుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వేసుకో. తన బండి పని తాను చేసుకునే కుర్రాళ్లంటే నాకు ఇష్టం. ఇన్నేళ్లుగా ఈ రాయగడ బజారులో మీటర్లు విప్పుతున్న చేతులు కాబట్టి, స్క్రూడ్రైవరు పట్టే ముందు నీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకో. ముల్లుకి అంకెలు తెలియవు. నీ బండిలో గేరుబాక్సు నుంచి వచ్చే కేబుల్ మీటరు లోపల ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద, తగలకుండా, పల్చటి అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. అయస్కాంతం గిర్రున తిరుగుతుంటే ఆ గిన్నెలో కరెంటు పుట్టి, గిన్నె కూడా దాని వెంట తిరగబోతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతూ ఉంటుంది. ఈ రెండు లాగుళ్లూ ఎక్కడ సమానమైతే అక్కడ ముల్లు ఆగుతుంది. దాని కింద 40 అని ఉంటే 40, 60 అని ఉంటే 60, నువ్వు నమ్మేది అదే. అందుకే డయల్ మార్చడమంటే రంగు మార్చడం కాదు, కొలబద్ద మార్చడం. గీత పక్కకి జరిగినా, ముల్లు వేరే చోట కూర్చున్నా బండి నీకు అబద్ధం చెబుతుంది, ఆ సంగతి నీకు తెలియను కూడా తెలియదు.

కాబట్టి డయల్ ఎంచుకోవడంలోనే జాగ్రత్త పడు. 0 నుంచి 140 దాకా ఉన్న మీటరుకి 180 దాకా ఉన్న డయల్ అందంగా ఉందని తగిలిస్తే గీతల మధ్య దూరం మారిపోతుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. నీ మోడలుకే తయారైనది దొరక్కపోతే పాతదాన్ని స్కాన్ చేయించి ప్రింటు తీయించుకో. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒక చిన్న విషయంలో. ప్రింటరు తనంతట తాను బొమ్మను కాగితానికి సరిపడేలా కొంచెం కుదించేస్తుంది. వందకి రెండు వంతులు తగ్గినా కంటికి తెలియదు. అందుకే అసలు సైజులోనే రావాలని షాపువాడికి గట్టిగా చెప్పు. ముందు మామూలు కాగితం మీద ఒక ప్రింటు తీయించి, పాత డయల్ మీద పెట్టి, రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించి చూడు. ప్రతి గీతా గీత మీదే పడాలి. బండి తిరిగిన కిలోమీటర్లు చూపే అంకెల చక్రాలు కనపడే కిటికీ, మధ్య రంధ్రం, ముల్లు ఆగే పిన్ను రంధ్రం కూడా సరిగ్గా కలవాలి. ఒక్కటి తప్పినా ఇంకో ప్రింటు తీయించుకో, కత్తెరతో సర్దుకోవద్దు.

ఫ్లెక్స్ షాపు వినైల్ స్టిక్కరు మాత్రం వద్దు. మీటరు బల్బులు డయల్ వెనక ఉంటాయి. అంకెల్లోంచి మాత్రమే వెలుతురు వచ్చి మిగతాదంతా చీకటిగా ఉండాలి. మామూలు స్టిక్కరు అయితే రాత్రి డయల్ మొత్తం వెలిగిపోయి అంకెలే కనపడవు. పైగా మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో జిగురు మెత్తబడి అంచు పైకి లేస్తుంది. లేచిన అంచుకి ముల్లు తగులుకుంటుంది. పాలికార్బొనేట్ షీటు మీద ప్రింటు చేసినది, పైన మెరుపు లేనిది తీసుకో. తెల్లదే కావాలన్నావు గాబట్టి వద్దనను గానీ, నల్ల డయల్ మీద తెల్ల అంకెలే నాకు నచ్చుతాయి. వీధిదీపం లేని అడవి దారిలో రాత్రి బండి నడిపే మనిషి కళ్ల ముందు తెల్లటి పళ్లెం వెలుగుతూ ఉంటే బయటి చీకటి ఇంకా చీకటిగా కనపడుతుంది. నీ దారి గునుపురం నుంచి కొరాపుట్ దాకా, ఆలోచించుకో. కరెంటుతో మొత్తంగా మెరిసే డయళ్లు కూడా అమ్ముతారు. వాటికి విడిగా ఇన్వర్టర్ ఉంటుంది, 12 వోల్టుల డీసీని వంద వోల్టుల ప్రాంతంలో ఏసీగా మారుస్తుంది. పాత బండి వైరింగుకి ఆ బెడద అక్కర్లేదు.

ఇక విప్పడం. వాన ముసురు లేని రోజు చూసుకో. తడిగాలిలో మూసిన మీటరుకి చలికాలం పొద్దున లోపలి నుంచి ఆవిరి పడుతుంది. అన్నిటికంటే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసెయ్. ఇగ్నిషన్ ఆన్ చేసి ముళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఆఫ్ చేశాక ఎక్కడ ఆగాయో ఫోన్లో ఫొటోలు మాత్రం టెర్మినల్ తియ్యకముందే తీసి పెట్టుకో. ఫోను సరిగ్గా ఎదురుగా ఉండాలి. పక్క నుంచి తీస్తే ముల్లు ఒక గీత అటో ఇటో ఉన్నట్టు కనపడుతుంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజు అయితే ఇంకా మంచిది, పెట్రోలు ముల్లు పై గీత దగ్గర ఎక్కడ నిలుస్తుందో రుజువు ఉంటుంది.

మీటరు ముందుకి లాగేటప్పుడు తొందరపడకు. వెనక కేబుల్ పట్టుకుని ఉంటుంది. కొన్నిటికి నొక్కితే వదిలే లాకు, కొన్నిటికి తిప్పే నట్టు. చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమి తెలుసుకో. తర్వాత వైరు కప్లర్లు. వాటిని ప్లాస్టిక్ పట్టుకుని లాగాలి, వైర్లు పట్టుకుని కాదు. మీటరు వీపు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితంలాంటి దాని మీద రాగి గీతలు పరిచి ఉంటాయి. అదే దాని వైరింగు. మడత పడితే రాగి తెగుతుంది, తెగిన చోటు కంటికి దొరకదు. పెట్రోలు, టెంపరేచర్ మీటర్ల వెనక చిన్న నట్లు కనపడతాయి. అవి బిగింపు కోసమే కాదు, కరెంటు కూడా వాటి గుండానే పోతుంది. ఊరికే వదులు చెయ్యకు.

అద్దం తీశాక దాన్ని సబ్బునీళ్లతో తుడుచుకో. థిన్నరు, పెట్రోలు తగిలితే ప్లాస్టిక్ మసకబారిపోతుంది. ముళ్ల దగ్గర గాలి ఊదడం, స్ప్రే కొట్టడం రెండూ వద్దు. ఆ స్ప్రింగు మీద ఒక్క నూనె చుక్క పడినా ముల్లు మందగిస్తుంది.

ఇప్పుడు అసలు పని. స్పీడు ముల్లు సున్నా దగ్గర పిన్నుకి ఆనుకుని ఉంటుంది చూడు, అది దాని అసలు విశ్రాంతి చోటు కాదు. స్ప్రింగు దాన్ని ఇంకా కిందికి లాగుతుంటే పిన్ను అడ్డుపడుతోంది. ముల్లు కొసని గోటితో కాస్త పైకెత్తి పిన్ను దాటించి వదులు. మెల్లగా కిందికి పోయి ఒక చోట ఆగుతుంది. ఆ చోటే నీకు కావాలి. డయల్ మీద కాదు, పక్కన మీటరు చట్రం మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి సన్న పెన్సిలుతో గీత పెట్టు, డయల్ ఎలాగూ పోయేదే. ఈ గీత లేకుండా ముల్లు తీశావంటే తిరిగి పెట్టడానికి ఆధారం ఉండదు. చాలామంది కొత్త డయల్ వేశాక ముల్లుని నేరుగా సున్నా మీద పెట్టి నొక్కేస్తారు. అప్పుడు స్ప్రింగు బిగువు పోయి, బండి 50లో పోతుంటే మీటరు 65, 70 అంటుంది.

తియ్యడానికి రెండు టీస్పూన్లు చాలు. డయల్ మీద టేపు వేసి, ముల్లు మొదలుకి రెండు వైపులా స్పూను అంచులు దూర్చి, రెండు చేతులా ఒకేసారి, సమానంగా, నిలువుగా పైకి ఎత్తు. తిప్పొద్దు, ఒక పక్కకి వంచొద్దు. ముల్లు కూర్చున్న కడ్డీ సూదంత ఉంటుంది. అది ఆవగింజంత వంగినా గిన్నె అయస్కాంతానికి రాసుకుంటుంది, ఇక ఆ మీటరు బాగుపడదు. బిగుసుకుంటే వదిలేసి, హెయిర్ డ్రయ్యరుతో కాస్త వేడి చూపించి మళ్లీ ప్రయత్నించు.

కొత్త డయల్ పెట్టి రెండు బుల్లి స్క్రూలు బిగించాక, ముల్లుని టేపు మీద గీతకి సూటిగా పట్టుకుని వేలితో మెత్తగా దించు. అడుగంటా నొక్కకు. ముల్లు మొదలుకీ డయల్‌కీ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి. కొత్త షీటు పాతదానికంటే మందంగా ఉంటే ఆ సందు మాయమవుతుంది, జాగ్రత్తగా చూడు. ఆ తర్వాతే ముల్లుని పైకెత్తి పిన్ను మీదికి చేర్చు.

టెంపరేచర్ ముల్లు మాత్రం తియ్యొద్దు అల్లుడూ. ఈ ఒక్క మాట విను. స్పీడు ముల్లు తప్పితే ఫోన్లో జీపీఎస్ పెట్టి పట్టుకోవచ్చు. ఇంజను వేడి తప్పు చూపిస్తే పట్టుకోవడానికి నీ దగ్గర ఇంకేమీ లేదు. రాయగడ సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తులో ఉంటే కొరాపుట్ 800 దాటుతుంది. ఆ ఎక్కుడు దారిలో నలుగురిని ఎక్కించుకుని సెకండ్ గేరులో లాగుతుంటే ఆ 796 సీసీ ఇంజను ఎంత వేడెక్కుతుందో నీకు చెప్పేది ఆ ఒక్క ముల్లే. అది రెండు గీతలు తక్కువ చూపిందంటే నువ్వు బండి ఆపవు. ఇంజను పైనుండే అల్యూమినియం హెడ్డు వంగి, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ పోయేదాకా ఎక్కుతూనే ఉంటావు. అందుకని టెంపరేచర్‌కీ పెట్రోలుకీ పాత డయల్ మీదే వేసే పై డయల్ చాలు. అంకెలు లేని కింది వైపు నుంచి మధ్య రంధ్రం దాకా బ్లేడుతో ఒక కోత పెట్టి, ముల్లు కిందికి మెల్లగా జరిపితే కూర్చుంటుంది. స్పీడుకి కూడా అలాగే చెయ్యొచ్చు కదా అంటావేమో. పెద్ద డయల్ మీద ఆ కోతలోంచి రాత్రి వెలుతురు గీతలా కనపడుతుంది, అందుకే దానికి ముల్లు తియ్యమన్నాను. ఆ గీత ఉన్నా ఫర్వాలేదనుకుంటే దానికీ కోతే పెట్టుకో, నాకు ఇంకా సంతోషం.

బల్బుల విషయం. మీటరు విప్పావు కదా అని అన్నీ ఎల్ఈడీలు వేసెయ్యకు. వెలుతురు బల్బులు మార్చినా ఫర్వాలేదు, తిరగేసి పెడితే వెలగవు, అంతే. కానీ బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్ర దీపం జోలికి పోకు. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండా పోయే కరెంటుతోనే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పని మొదలుపెడుతుంది. అక్కడ ఎల్ఈడీ పెడితే ఆ కరెంటు చాలక ఛార్జింగ్ ఆగిపోవచ్చు. ఆయిల్ దీపం ఎరుపు, హైబీమ్ నీలం, ఇండికేటర్లు ఆకుపచ్చ. డయల్ రంగు ఏదైనా ఇవి మారకూడదు. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే హోల్డరూ డయలూ రెండూ కరుగుతాయి.

కిలోమీటర్ల చక్రాలు చేతికి అందేంత దగ్గరగా ఉంటాయి. వాటిని ముట్టుకోకు. రేపు ఆ బండి కొనేవాడు నీ మాట నమ్మేది ఆ అంకెలు చూసే.

అద్దం బిగించే ముందే రోడ్డు మీద పరీక్ష చేసుకుంటే మంచిది, మళ్లీ విప్పే పని ఉండదు. మజ్జిగౌరమ్మ గుడి వైపు పోకు, జనం ఎక్కువ. పొద్దున్నే ఖాళీగా, తిన్నగా, ఎత్తుపల్లాలు లేని రోడ్డు చూసుకో. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ఫోన్లో జీపీఎస్ స్పీడు అతన్నే చదవమను, నీ చూపు రోడ్డు మీదే ఉండాలి. 30, 40, 60 దగ్గర నిలకడగా పోనిచ్చి రాయించుకో. మీటరు నిజం కంటే తక్కువ చూపకూడదు. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 39వది కూడా ఇదే చెబుతుంది. ఎక్కువ చూపినా ఆ తేడా, అసలు వేగంలో పదో వంతుకి ఇంకో 4 కిలోమీటర్లు కలిపిన దానికి మించకూడదంటుంది. అంటే నిజంగా 60లో పోతుంటే మీటరు 70 దాటకూడదు. నీ బండి మీటరు రెండు మూడు ఎక్కువ చూపితే వదిలెయ్. అన్ని వేగాల దగ్గరా ఒకే తేడా ఉంటే ముల్లు కూర్చున్న చోటు తప్పు, తీసి సర్దుకోవచ్చు. వేగంతో పాటు తేడా పెరుగుతూ పోతుంటే డయల్ గీతలు చూసుకో, టైర్ల సైజు కూడా చూసుకో. జీపీఎస్ అందని చోట కిలోమీటరు రాళ్లు ఉన్నాయి. 60లో నిలకడగా పోతే రాయి నుంచి రాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి.

మొన్న మీ పెదనాన్న కొన్న కొత్త కారు మీద మాత్రం ఈ పద్ధతి ప్రయోగించకు. దానిలో కేబుల్ లేదు, ముళ్లని తిప్పేవి బుల్లి మోటార్లు, లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రాలు. చేత్తో బలవంతంగా తిప్పితే పళ్లు అరిగిపోతాయి. మీటరు విప్పి ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కూర్చుంటుంది కూడా.

పాత డయల్ పారెయ్యకు. రెండు అట్టముక్కల మధ్య పెట్టి దాచుకో, కొత్తది కుదరకపోతే అదే ఆధారం.

ముల్లు ఎంతకీ రాకపోతే, లేదా వచ్చాక వణుకుతుంటే, అక్కడితో ఆపి మీటరు మొత్తం గుడ్డలో చుట్టి, డయల్ పైకి ఉండేలా డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి రా. ఆదివారం కూడా ఇంట్లోనే ఉంటాను. వచ్చేటప్పుడు కేబుల్ కూడా లాగి తీసుకురా. ముల్లు వణికితే చాలాసార్లు తప్పు ఎండిపోయిన కేబుల్‌దే ఉంటుంది. నువ్వే గ్రీజు రాసేటట్టయితే కింది వైపు మాత్రమే రాయి, పై కొసకి జానెడు వదిలెయ్, లేకపోతే గ్రీజు ఎక్కి మీటరులోకి పోతుంది.

నీ మామయ్య