బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, కొన్నాళ్లు ఆపేయాలా?

ఆపకండి. రక్తం చూసి భయపడి ఆ చోటు వదిలేస్తే ఇంకా ముదురుతుంది. చాలామందిలో కారణం పాచే. పన్ను మొదట్లో అది పేరుకుంటే చిగురు ఎర్రబడి, వాచి, కాస్త తగిలినా రక్తం వస్తుంది. జింజివైటిస్ అనే ఈ దశలో పట్టించుకుంటే పూర్తిగా నయమవుతుంది.

మెత్తటి బ్రష్‌ని చిగురు అంచుకి 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో రోజుకి 2 సార్లు, 2 నిమిషాల చొప్పున తోమండి. బలంగా రుద్దడం వల్ల లాభం లేదు, చిగురు అరిగి పంటి మొదలు బయటపడుతుంది. సందుల్లోకి బ్రష్ వెళ్లదు కాబట్టి ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నటి దారం) తప్పదు. దానికీ మొదట్లో రక్తం కనబడుతుంది, ఒకటి రెండు వారాల్లో తగ్గాలి.

తగ్గలేదంటే పాచి గారలా గట్టిపడి ఉండొచ్చు. గార బ్రష్‌కి రాదు, డెంటిస్ట్ దగ్గర స్కేలింగ్ చేయించుకోవాల్సిందే. స్కేలింగ్‌తో పళ్లు వదులవుతాయన్నది ఉత్త అపోహ. ఇన్నాళ్లూ గార కప్పేసిన సందులు బయటపడతాయి, అంతే. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా డెంటిస్ట్‌కి ముందే చెప్పండి. అన్నట్టు, పొగతాగేవాళ్లకి చిగుళ్ల జబ్బు ఉన్నా రక్తం అంతగా కనబడకపోవచ్చు.