లో, మిడ్, హై ఫేడ్‌లకి తేడా ఏంటి? ఏది చేయించుకోవాలి?

చెన్నైలో సెలూన్‌కెళ్లి ఊరికే "ఫేడ్" (పక్కల, వెనక జుట్టు కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతూ పొట్టిగా అయ్యే కటింగ్) అంటే సరిపోదు. సన్నబడటం ఎంత ఎత్తులో మొదలవ్వాలో, కింద ఎంత జుట్టు మిగలాలో రెండూ చెప్పాలి. తమిళం రాకపోతే మెషిన్ నంబర్లు (జుట్టు ఎంత పొడవు మిగలాలో చెప్పేవి) చెప్పి ఫొటో చూపించండి.

లో ఫేడ్ చెవికి ఒక వేలు పైన ఆగుతుంది. మిడ్ కణత దాకా, హై కణత దాటి వెళ్తుంది. ఫేడ్ గీత చెవి వెనక కిందికి వంగితే డ్రాప్ ఫేడ్. టేపర్‌లో సైడ్‌బర్న్స్, మెడ దగ్గర మాత్రమే సన్నం చేస్తారు. ఆఫీసుకి ఇదే పదిలం. స్కిన్ ఫేడ్‌లో కింద తల చర్మం కనిపిస్తుంది. రెండు వారాలకే దాని అందం పోతుంది, పాత కుట్ల మచ్చలుంటే బయటపడతాయి. చేయించుకున్న రోజే హెల్మెట్ పెడితే చెమటకి మంట కూడా.

గుండ్రటి ముఖానికి హై నప్పుతుంది, కోలముఖాన్ని అది ఇంకా సాగదీస్తుంది.

ఎక్కువగా చెడేది జుట్టు పొడవు మారే చోట, గీత దగ్గర. 2వ నంబరు (6 మి.మీ.) నుంచి నేరుగా 0కి దిగితే మెట్టులా గీత పడుతుంది. మధ్యలో 1 (3 మి.మీ.), తర్వాత సగం నంబరు (1.5 మి.మీ.) వాడి, మెషిన్‌ని పైకి వెళ్లేకొద్దీ తల నుంచి బయటికి తిప్పుతూ తీయాలి. లేవకముందే లైటు కింద తల పక్కకి తిప్పి చూసుకోండి.