ట్రైలర్‌ని ఖాళీగా ఉంచలేరు కదా!

ప్రశ్న: నా వయసు 37. ప్రైవేటు ఉద్యోగం. ఇంటి రుణం, పాప చదువు, మిగతా ఖర్చులు పోగా నెల జీతంలో 15 శాతం మిగులుతోంది. చాలాకాలంగా స్కేల్ మోడళ్లు, అంటే అసలు వాహనాల చిన్న నమూనాలు, తయారు చేస్తున్నాను. ట్యాంకులను మోసుకెళ్లే ఎం1070 ట్రాక్టర్, ఎం1000 ట్రైలర్ కలిసి వచ్చే 1/35 కిట్ (అసలు బండిలో 35వ వంతు సైజు, అతికించుకునే విడి భాగాల పెట్టె) కొనాలనుంది. దాని ధర నాకు రెండు నెలల మిగులుతో సమానం. రెజిన్‌తో పోతపోసిన చక్రాలు, ఫోటో ఎచ్ సెట్ (పలుచని లోహపు రేకు భాగాలు), రంగు స్ప్రే చేయడానికి కొత్త కంప్రెసర్ కూడా కావాలి. అన్నీ కలిపి క్రెడిట్ కార్డు మీద 12 నెలల వాయిదాల్లో తీసుకోవచ్చా? అల్మారాలో తెరవని కిట్లు 14 ఉన్నాయి. వాటిలో కొన్నింటి ధరలు బాగా పెరిగాయి. వాటిని పెట్టుబడిగా లెక్కేసుకోవచ్చా?

జవాబు: కిట్ కొనుక్కోండి. వాయిదాల్లో మాత్రం వద్దు. ఆ 14 పెట్టెలను పెట్టుబడి అనుకోవద్దు.

ఇలాంటి ఉత్తరాలకు చాలామంది సలహాదారులు 'ముందు సరదా మానుకోండి' అని రాస్తారు. నేను అలా అనను. ఇంత క్లిష్టమైన కిట్ ఒకటి మొదలుపెడితే నెలల తరబడి సాయంత్రాలు దానికే సరిపోతాయి. ఖర్చును ఆ గంటలతో భాగించి చూస్తే చవకైన వినోదమే. అల్మారాలో ఉన్న 14 పెట్టెల సంగతి వేరు. డబ్బు పోయింది, ఒక్క గంట ఆనందమూ రాలేదు. మీ అసలు ఖర్చు అక్కడుంది.

ఇక మీ జాబితా. అందులో ఒక పద్దు లేదు. ఎం1 ఏబ్రామ్స్ ట్యాంకు బరువు పెరిగేకొద్దీ అంతకుముందున్న ఎం911 ట్రాక్టర్, దాని ట్రైలర్ ఆ భారాన్ని తట్టుకోలేకపోయాయి. అందుకే 1990ల మొదట్లో అమెరికా సైన్యం ఈ జోడీని తెచ్చుకుంది. 70 అమెరికన్ టన్నులు మోసే ట్రైలర్ అది. మోడల్ పూర్తయ్యాక ఆ ట్రైలర్‌ని ఖాళీగా చూస్తూ ఎన్నాళ్లుంటారు? ట్యాంకు కావాలనిపిస్తుంది, అంటే ఇంకో కిట్. ట్యాంకును బిగించి కట్టడానికి గొలుసులు. అసలు బండి క్యాబిన్‌లో డ్రైవర్‌తో పాటు ట్యాంకు సిబ్బందికీ సీట్లుంటాయి, కాబట్టి కొన్ని బొమ్మలు. ఇవన్నీ ముందే రాసుకోండి. ఆ 14 పెట్టెల్లో ఏబ్రామ్స్ ఏదైనా ఉందేమో చూశారా? ఉంటే అదే వాడండి.

స్థలం కూడా ఖర్చే. 1/35లో ఈ జోడీ పొడవు 60 సెంటీమీటర్లు దాటుతుంది. మామూలు అరలో పట్టదు. దుమ్ము పడకుండా ఆ కొలతకు అక్రిలిక్ పెట్టె చేయించాలంటే అదొక పద్దు. సరిగ్గా జేబు ఖాళీ అయిన రోజున గుర్తొచ్చే పద్దు.

1/35 అన్న వింత నిష్పత్తి ఎలా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. 1960ల ఆరంభంలో జపాన్ మోడళ్ల కంపెనీ టమియా తన పాంథర్ ట్యాంకు బొమ్మలో మోటారుకు కావలసిన బ్యాటరీలు పట్టేలా సైజు కుదుర్చుకుంది. తర్వాత మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. అందుకే ఈ స్కేలులో ఎవరి కిట్‌కైనా ఎవరో ఒకరు అదనపు భాగాలు తయారుచేసి అమ్ముతుంటారు. అసలు కంటే కొసరు ఎక్కువయ్యేది ఇక్కడే. మీరు పంపిన ధరల్ని కూడి చూశాను. కిట్ పోను మిగతావన్నీ కలిపితే కిట్ ధరను మించిపోయాయి.

ఇందులో చక్రాల కోరికను నేను కొట్టిపారేయను. ట్రాక్టర్‌కు 8, ట్రైలర్‌కు 40, నేలమీద ఆనేవి మొత్తం 48 టైర్లు. మీ కిట్‌లో ఉన్నవి మెత్తటి వినైల్ టైర్లని, అవి రిమ్‌ను పాడుచేస్తాయేమోనని రాశారు. కొన్ని రకాల వినైల్‌లోని రసాయనం ఏళ్ల తరబడి ఊరి, తగిలిన ప్లాస్టిక్ రిమ్‌ను కరిగించేస్తుంది. మీ భయం నిజమైనదే. కానీ ట్రైలర్ చక్రాల్లో లోపలివి పైకి కనిపించవు. ట్రాక్టర్ 8 చక్రాలకు మాత్రం రెజిన్‌వి కొనండి. ట్రైలర్‌కు కిట్‌లోవే ఉంచి, రిమ్‌కు ప్రైమర్, రంగు పూర్తిగా పట్టించాకే టైరు తొడగండి. ఫోటో ఎచ్ ఇప్పుడే వద్దు. ఛాసిస్, యాక్సిళ్లు, సస్పెన్షన్ అయ్యేసరికే కొన్ని నెలలు పడుతుంది. అప్పటికి ఏ భాగం మోటుగా ఉందో మీ కంటికే తెలుస్తుంది. ముందే కొన్న సెట్లలో సగం ముక్కలు కవర్లోనే మిగిలిపోవడం మీకు కొత్తేం కాదనుకుంటాను.

వాయిదాలు ఎందుకు వద్దంటే, వడ్డీ లేదని చెప్పినా ప్రాసెసింగ్ రుసుము ఉండొచ్చు, ఒకేసారి చెల్లిస్తే వచ్చే తగ్గింపు పోతుంది. అంతకంటే పెద్ద సమస్య మీ మిగులు చిన్నది కావడం. ఏడాది పాటు అందులో కొంత కట్టుబడిపోతే అనుకోని ఖర్చు వచ్చిన నెలలో మళ్లీ కార్డే గతి. ఉత్తరంలో అత్యవసర నిధి, టర్మ్ బీమా, ఆరోగ్య బీమా గురించి ఒక్క మాటా రాయలేదు. కనీసం 6 నెలల ఇంటి ఖర్చు, రుణ వాయిదాలతో కలిపి, చేతికందేలా ఉండాలి. అందుకని మిగులు 15 శాతంలో 12 శాతాన్ని బీమా ప్రీమియంలకు, ఈ నిధికి, తర్వాత పాప చదువుకు కేటాయించండి. 3 శాతం మోడళ్లకు విడిగా, వేరే ఖాతాలో వేయండి. కిట్ ధర జీతంలో 30 శాతం కాబట్టి 10 నెలల్లో చేతికొస్తుంది.

అంతకాలం ఆగలేనంటే అల్మారా తెరవండి. ఒక్కో పెట్టెను పట్టుకుని 'ఈరోజు ఇది నా దగ్గర లేకపోతే ఇదే ధరకు కొంటానా?' అని అడగండి. కొననన్నవి అమ్మేయండి. సగం సొమ్ము అలా వస్తే 5 నెలలు చాలు.

వాటి ధరలు పెరిగాయన్నది నిజమే కావచ్చు. ఉత్పత్తి ఆగిన కిట్లకు గిరాకీ ఉంటుంది. కానీ అచ్చులు కంపెనీ దగ్గరే ఉంటాయి. కొత్త డెకాల్స్ (మోడల్‌పై అంటించే గుర్తులు, అంకెలు) జతచేసి మళ్లీ విడుదల చేశారంటే మీ పాత పెట్టె రేటు పడిపోతుంది. ఈలోగా లోపలి డెకాల్స్ పసుపెక్కుతాయి, పెట్టె మూలలు నలుగుతాయి. కొరియర్ వాళ్లు పెట్టె పరిమాణాన్ని బట్టి కూడా ఛార్జీ వేస్తారు, కాబట్టి చేతికొచ్చేది మీరు చూసిన రేటు కంటే తక్కువే. మీ ఆస్తుల పట్టికలో వీటి విలువ సున్నా అని రాసుకోండి. అమ్మిన రోజున వచ్చిందే లెక్క. విదేశం నుంచి కొత్త కిట్ తెప్పిస్తే సుంకం, రవాణా కలిపి ఇంటికి చేరే ధరనే చూడండి, వెబ్‌సైట్లో కనిపించే ధర కాదు.

కంప్రెసర్ ఈ మోడల్ ఖర్చు కిందికి రాదు. అది పనిముట్టు. పాతది చప్పుడు చేస్తున్నా పనిచేస్తోందన్నారు, వచ్చే ఏడాది గాలి ట్యాంకు ఉన్నది తీసుకోవచ్చు. జాబితాలో మరో లోటు ఉంది. లాకర్ (ఘాటైన ద్రావకం ఉండే) రంగులు కొట్టేటప్పుడు ఆవిరిని ఆపే ఫిల్టర్ మాస్కు, బయటికి గాలి పంపే స్ప్రే బూత్ మీరు రాయలేదు. రెజిన్‌ను తడిపి రుద్దితే దుమ్ము లేవదు గానీ రంగు ఆవిరికి ఆ ఉపాయం లేదు. పాప తిరిగే ఇల్లు. ఈ రెండింటికీ 3 శాతం ఖాతా నిండేదాకా ఆగకండి, ఈ నెల మిగులులోంచే తీయండి.