మే నెల ఎండలో, వెయ్యి రూపాయల లోపు మంచి వైట్ వైన్ ఎంచుకోవడం ఎలా?

మీరు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి అడిగిన ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మే నెలాఖరులో నిజామాబాద్ నుంచి మీ అక్కగారు, బావగారు వస్తున్నారు. భోజనంలో చేపల పులుసు, కోడి వేపుడు ఉంటాయి. వారిద్దరికీ వైట్ వైన్ ఇష్టం కనుక వెయ్యి రూపాయలు దాటకుండా మంచి సీసా కొనాలనుకుంటున్నారు. దుకాణదారుడేమో ఇంకొంత వేసి విదేశీ సీసా తీసుకోమంటున్నాడు. నేను నాందేడ్‌లో ఉంటాను, చుట్టాలు వచ్చినప్పుడు మా ఇంట్లోనూ చాలా ఏళ్లుగా వైట్ వైన్ కొంటున్నాం. ఆ అనుభవంతో చెబుతున్నాను: మన జిల్లాలో వైట్ వైన్ కొనేటప్పుడు కంపెనీ పేరు, ధర రెండూ తరువాతి విషయాలు. సీసాలోని వైన్ ఏ సంవత్సరపు పంటది, ఆ సీసా దుకాణంలో ఎలాంటి చోట ఎన్ని నెలలు నిలబడింది అన్నవే మొదట తేల్చుకోవలసినవి.

వైట్ వైన్‌ను వేడి త్వరగా పాడు చేస్తుంది. ద్రాక్ష తొక్కలతో కలిపి పులియబెట్టే రెడ్ వైన్‌లోకి వగరు పదార్థాలు బాగా దిగుతాయి, గాలి వల్ల కలిగే నష్టం నుంచి అవి దానిని కొంతవరకు కాపాడతాయి. వైట్ వైన్‌ను రసం పిండి, తొక్కలు వేరు చేసి పులియబెడతారు కనుక దానికి ఆ రక్షణ తక్కువ. మంచి నిల్వకు పన్నెండు నుంచి పదిహేను డిగ్రీల చల్లదనం కావాలి. మన దగ్గర మే నెలలో బయట నలభై రెండు డిగ్రీలు దాటుతుంది, రాత్రి షట్టర్ దించిన దుకాణంలో గాలి కూడా ఆడదు. అలాంటి గదిలో కొన్ని వారాలు గడిపిన సీసాలో పండ్ల వాసన తగ్గిపోయి, ఉడికించిన ఆపిల్ వంటి మొద్దు వాసన వస్తుంది, రుచిలోని పదును పోతుంది. ఎంత పేరున్న కంపెనీ వైన్‌కైనా జరిగేది ఇదే.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. ఒక వేసవిలో మా తమ్ముడూ నేనూ ఒకే కంపెనీ, ఒకే రకం ద్రాక్ష, ఒకే సంవత్సరం గల రెండు సీసాలను రెండు దుకాణాల నుంచి తెచ్చి పక్కపక్కన పోసి చూశాం. ఒకటి రోడ్డు వైపు, పడమటి ఎండ పడే అద్దాల అలమరలో నిలబెట్టినది. రెండోది ఏసీ గదిలో అట్టపెట్టెలోంచి తీసి ఇచ్చినది. మొదటిది ముదురు పసుపు రంగుకు తిరిగి ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే చెప్పుకోదగ్గ వాసనే లేదు. రెండోది లేత గడ్డి రంగులో, జామకాయ, నిమ్మతొక్క వాసనతో నోరూరించేలా ఉంది. రెండింటిపైనా ఎమ్మార్పీ ఒక్కటే. అప్పటి నుంచి నేను కంపెనీని ఎంచుకోవడం కన్నా దుకాణాన్ని ఎంచుకోవడానికే ఎక్కువ శ్రద్ధ పెడుతున్నాను.

మీరు కూడా ముందుగా దుకాణాన్ని పరిశీలించండి. విస్కీ, బీరు బాగా అమ్ముడై, వైన్ ఏడాదికి నాలుగు పెట్టెలు కూడా కదలని చోట కొనకండి. వైన్ త్వరగా అమ్ముడయ్యే దుకాణం, అందులోనూ వైన్‌ను చల్లని అలమరలో ఉంచే దుకాణం దొరికితే, దాని కోసం నాందేడ్ దాకా వచ్చినా తప్పు లేదు. ప్రదర్శన కోసం నిలబెట్టిన సీసా వద్దని, లోపలి పెట్టెలోంచి తీసిమ్మని అడగండి. నేను ప్రతిసారీ అలాగే అడుగుతాను, ఇప్పటివరకు ఎవరూ కాదనలేదు. సీసా చేతికి వచ్చాక మూత చుట్టూ జిగట ఉందేమో, బిరడా (కార్క్) అంచు కంటే పైకి పొడుచుకు వచ్చిందేమో చూడండి. వేడికి లోపలి ద్రవం వ్యాకోచించి బిరడాను తోసిందనడానికి అవి గుర్తులు. తెల్లని గాజు సీసా అయితే వెలుతురుకు ఎత్తి రంగు చూడండి. వెయ్యి రూపాయల లోపు దొరికే వైట్ వైన్ లేత పసుపుగానో, కొద్దిగా ఆకుపచ్చ ఛాయతోనో ఉండాలి. గోధుమ ఛాయ కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

ఇక సంవత్సరం సంగతి. సీసా చీటీ (లేబుల్) మీద ముద్రించే సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం. చలి దేశాల్లో ద్రాక్షతీగ చలికాలమంతా నిద్రపోతుంది, శరత్కాలంలో పంట కోస్తారు. మహారాష్ట్రలో తీగకు ఆ నిద్ర ఉండదు కనుక రైతులు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు తగ్గే సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరిస్తారు. రెండో కత్తిరింపు తరువాత వచ్చే గుత్తులు చలికాలపు రాత్రుల చల్లదనంలో పండి, జనవరి నుంచి మార్చి లోపల కోతకు వస్తాయి. ఆ రాత్రుల చలి వల్లనే కాయలో పులుపు నిలుస్తుంది, వైట్ వైన్‌కు ప్రాణం ఆ పులుపే. కోసిన కొద్ది నెలలకే సాధారణ వైట్ వైన్ సీసాలకు ఎక్కుతుంది, వానాకాలం నుంచి కొత్త పంట సీసాలు దుకాణాల్లోకి రావడం మొదలవుతుంది. కాబట్టి మీరు మే నెలలో కొనేటప్పుడు కిందటి సంవత్సరపు పంట దొరికితే మంచిది, అంతకు ముందటి సంవత్సరానిది చల్లని చోట ఉంచినదైతే ఫర్వాలేదు. అంతకన్నా పాతది తగ్గింపు ధరకు ఇస్తామన్నా తీసుకోకండి. నిల్వ ఉంచితే వైన్ మెరుగవుతుందన్న మాట అన్ని వైన్లకూ చెల్లదు, ఈ ధరలో దొరికే వైట్ వైన్లు తాజాగా తాగడానికే తయారైనవి. కొన్ని చవక సీసాల మీద పంట సంవత్సరం ఉండదు. అప్పుడు వెనుక చీటీ మీద సీసాలో నింపిన నెల, సంవత్సరం వెతకండి.

దుకాణదారుడు చూపిన విదేశీ సీసా గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను, అది వద్దు. దిగుమతి వైన్‌పై కేంద్రం వసూలు చేసే కస్టమ్స్ సుంకం చాలాకాలంగా 150 శాతం. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా వైన్లకు సుంకం తగ్గినా, ఆ తగ్గింపు 750 మిల్లీలీటర్ల సీసాకు దిగుమతి ధర కనీసం ఐదు డాలర్లు ఉన్నవాటికే వర్తిస్తుంది. అంతకన్నా చవక సీసాలకు ఆ లాభం లేదు. మీరు ఇచ్చే డబ్బులో సుంకాలు, రవాణా, పంపిణీదారుల వాటాలు పోగా లోపలి వైన్‌కు దక్కేది చాలా కొంచెం. పైగా ఆ సీసా ఓడలో, గోదాముల్లో ఎంత వేడి చూసి వచ్చిందో మనం కనిపెట్టలేం. ఇటు మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ఆధారిత పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించి, రాష్ట్రంలోనే తయారయ్యే వైన్‌కు ఎక్సైజ్‌లో పెద్ద రాయితీలు ఇచ్చింది. అందుకే నాసిక్ వైన్ మనకు తక్కువ ధరకు వస్తోంది. గోదావరి పుట్టే నాసిక్ జిల్లాలోనే, ఆ నది మీది గంగాపూర్ జలాశయం పరిసరాల్లో సులా వైన్ కంపెనీ వారి తోటలు ఉన్నాయి. విదేశాల నుంచి వచ్చేదానితో పోలిస్తే అక్కడి నుంచి నాందేడ్‌కు సరుకు రావడం దూరం కాదు. సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి వారి తోటలు ఉన్నాయి. గ్రోవర్ జంపా, యార్క్ కూడా నాసిక్‌లో వైన్ తయారు చేస్తున్నాయి. వెయ్యి రూపాయల లోపు ఈ కంపెనీల వైన్లలో తాజాది ఏది దొరికితే అది తీసుకోండి. కంపెనీ కంటే ద్రాక్ష రకం మీద ఎక్కువ దృష్టి పెట్టండి.

ద్రాక్ష రకాల్లో మీ ఇంటి భోజనానికి అవసరమైనవి రెండే, షెనిన్ బ్లాంక్, సోవిన్యాన్ బ్లాంక్. సులా 2000లో మొదటిసారి విడుదల చేసిన వైన్లు కూడా ఈ రెండే. షెనిన్ ఫ్రాన్స్‌లోని లువార్ నదీ ప్రాంతపు ద్రాక్ష, ఎండ ప్రాంతాల్లోనూ పులుపు పోగొట్టుకోని గుణం వల్ల దక్షిణాఫ్రికాలో, మహారాష్ట్రలో బాగా నిలదొక్కుకుంది. మన దగ్గర దీనిని ఎక్కువగా కొద్దిపాటి తీపి మిగిలేలా తయారు చేస్తారు. అందుకే కారం ఉన్న కూరలకు ఇది సరిపోతుంది. మిరప మంట తగిలే నాడులనే ఆల్కహాల్ కూడా రేపుతుంది కనుక, తీపి ఏమాత్రం లేని గట్టి వైన్ కారపు ముద్ద మీద పడితే నోరు మరింత మండుతుంది, కాస్త తీపి ఉంటే ఆ మంట అణుగుతుంది. ధర్మాబాద్ మిర్చి మార్కెట్ పక్కనే కాపురం ఉన్నవారి ఇంట్లో కోడి వేపుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు, దానికి షెనినే తగినది.

చేపల పులుసు విషయం వేరు. చింతపండు పులుపు ముందు పులుపు తక్కువైన వైన్ చప్పగా, నీళ్లగా అనిపిస్తుంది. కూరలో ఎంత పులుపు ఉంటే వైన్‌లోనూ కనీసం అంత ఉండాలి. సోవిన్యాన్ బ్లాంక్‌కు ఆ పదును ఉంది. దానిలోని పచ్చి వాసనకు కారణమైన పదార్థాలే ఆకుపచ్చ క్యాప్సికంలోనూ ఉంటాయి, అందువల్ల కొత్తిమీర, పచ్చిమిర్చి వేసిన వంటలతో అది చక్కగా కలుస్తుంది. మా వదిన జొన్నరొట్టెతో పాటు పచ్చిమిర్చి ఠేచా తక్కువ కారంతో నూరి, పక్కన వేయించిన చేప ముక్కలు పెట్టిన పూట మేము సోవిన్యాన్ తీశాం. ఆ జోడీ నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టం. మీరు మాత్రం ఒకే సీసా కొంటున్నారు, వేపుడు, పులుసు రెండూ కారంగానే ఉంటాయి కనుక షెనిన్ తీసుకోవడం క్షేమం. పులుసులో కారం తగ్గించి పులుపు పెంచే అలవాటు మీ ఇంట్లో ఉంటే సోవిన్యాన్ తీసుకోండి. కర్రపీపాల్లో ఉంచి తయారు చేసిన షార్డొనే అనే మరో ద్రాక్ష రకపు వైన్ జోలికి ఈ భోజనానికి వెళ్లకండి, కారం తగిలితే ఆ కర్ర రుచి చేదుగా తేలుతుంది. ద్రాక్ష పేరే చెప్పకుండా కేవలం తెల్ల వైన్ అని రాసిన మరీ చవక సీసాలను కూడా విడిచిపెట్టండి.

కొన్న తరువాత ఇంటికి చేరేదాకా ఉన్న సమయం ముఖ్యం. సీసాను స్కూటర్ డిక్కీలో పెట్టి మరో నాలుగు పనులు చూసుకోకుండా నేరుగా ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లోపల నాలుగైదు డిగ్రీల చలి ఉంటుంది, అంత చల్లగా తాగితే వాసన తెలియదు. భోజనానికి పది, పదిహేను నిమిషాల ముందు బయటికి తీస్తే ఎనిమిది, పది డిగ్రీలకు వస్తుంది, అదే సరైన చల్లదనం. మన వేసవిలో గ్లాసులో పోసింది చూస్తుండగానే వేడెక్కుతుంది కనుక కొద్దికొద్దిగా పోసి, సీసాను మంచుముక్కలు, నీళ్లు కలిపిన గిన్నెలో ఉంచండి. వట్టి మంచుముక్కల కన్నా నీళ్లు కలిపితే సీసా చుట్టూ చలి సమంగా తగిలి త్వరగా చల్లబడుతుంది, గుప్పెడు ఉప్పు వేస్తే ఇంకా త్వరగా. గ్లాసులో మాత్రం మంచు వేయకండి.

సీసా మూత తిప్పి తీసేదైతే చవక రకమని అనుకోకండి. తాజాగా తాగే వైట్ వైన్‌కు బిరడా కన్నా ఆ మూతే మేలు. బిరడా చెడితే వచ్చే తడిసిన అట్టముక్క వాసన బెడద దానితో దాదాపుగా ఉండదు, మిగిలినదాన్ని మళ్లీ బిగించడమూ సులువు. మిగిలిన వైన్‌ను చిన్న సీసాలోకి అంచు దాకా నింపి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు, మూడు రోజులు రుచి నిలుస్తుంది. ఇద్దరే తాగేటట్లయితే 375 మిల్లీలీటర్ల సగం సీసా అడిగి చూడండి.

మోతాదు గురించి ఒక లెక్క చెబుతాను, ఎందుకంటే వైన్ అంటే తేలికని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. 12.5 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ వంద మిల్లీలీటర్లలో సుమారు పది గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 42.8 శాతం ఉన్న విస్కీ ముప్పై మిల్లీలీటర్లలోనూ దాదాపు అంతే. పెద్ద గ్లాసు నిండా పోస్తే అది అలాంటి ముప్పై మిల్లీలీటర్ల పెగ్గులు రెండు దాటుతుంది. మీ బావగారు భోజనం తరువాత కారు నడుపుకుంటూ వెళ్లేటట్లయితే ఆ పూట ఆయనకు పోయకండి, రాత్రికి ఉండి వెళ్లమనండి.

మరొక సంగతి, వైన్ నచ్చిందని వారు తిరిగి వెళ్లేటప్పుడు రెండు సీసాలు కట్టి ఇవ్వకండి. ఇక్కడ పన్ను కట్టి కొన్నదే అయినా, తెలంగాణ సుంకం చెల్లించని మద్యంగా బాసర దగ్గర సరిహద్దు దాటగానే ఎక్సైజ్ వారు దానిని పట్టుకోవచ్చు. మన వైపు మద్యం కొనడానికి, తాగడానికి మహారాష్ట్ర చట్టంలో పర్మిట్ నియమం ఉంది. వైన్‌కు అది కావాలో లేదో కొనేటప్పుడే దుకాణంలో అడిగి, కావాలంటే తీసుకోండి, బిల్లు కూడా జాగ్రత్త చేయండి. మూత తీయగానే సిర్కా (వెనిగర్) వాసనో, తడి అట్ట వాసనో వస్తే సీసాను ఖాళీ చేయకుండా ఆ బిల్లుతో మర్నాడే తిరిగి తీసుకువెళ్లి మార్చి ఇమ్మని అడగవచ్చు.