కథాశిల్పం – సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: ఎం.ఏ. సెమినార్ కోసం జేమ్స్ జాయిస్ ‘ఎవలీన్’ కథ తీసుకున్నాను. ఇల్లు వదిలి ప్రియుడు ఫ్రాంక్‌తో బ్యూనస్ ఎయిర్స్ వెళ్లాలనుకున్న అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఆలోచిస్తుంది, చివరికి రేవులో ఆగిపోతుంది. అంతే. ఇందులో శిల్పం గురించి ఏం రాయాలి?
– విద్యార్థిని, హనుమకొండ

జవాబు: 1904లో పత్రికలో వచ్చి, 1914లో ‘డబ్లినర్స్’ సంపుటిలో చేరిన ఈ చిన్న కథను సంగ్రహంగా చెప్పబోతే చేతికేమీ మిగలదు. రెండు రంగుల పెన్సిళ్లతో కూర్చోండి. ‘ఇప్పుడు’ జరుగుతున్న వాక్యాల కింద ఒక రంగు, జ్ఞాపకాలకీ ఊహలకీ ఇంకోటి. కిటికీ భాగంలో మొదటి రంగు బాగా తక్కువ పడుతుంది: దుమ్ము వాసన, ముదిరే చీకటి, ఒడిలో రెండు ఉత్తరాలు, వీధిలో వాయిద్యం, ఉలిక్కిపడి లేవడం. కానీ ఉత్తరాలు ఒకటి అన్నకి, ఒకటి తండ్రికి. అంటే వెళ్లాలన్న నిర్ణయం అప్పటికే అయిపోయింది.

తర్వాత జ్ఞాపకాల వరుస చూడండి. తండ్రి దౌర్జన్యం, 7 షిల్లింగుల జీతం మొత్తం ఆయన చేతిలో పెట్టడం ముందు వస్తాయి. ఆమెకి ఒంట్లో బాగాలేనప్పుడు ఆయన కథ చదివి వినిపించిన సంగతి ఉత్తరాల ప్రస్తావన వచ్చాకే గుర్తొస్తుంది. వీధిలో వాయిద్యం వినగానే తల్లి చనిపోయిన రాత్రి, ఇంటిని నిలబెడతానని ఆమెకిచ్చిన మాట. వీటిని కాలక్రమంలో సర్ది రాశారంటే ఆమె మనసు ఎటు నుంచి ఎటు ఊగుతోందో పోతుంది. చాలా వ్యాసాలు దెబ్బతినేది ఇక్కడే.

ఇక గొంతు. ‘అనుకుంది’ అని లేకుండానే ఆమె ఆలోచన కథకుడి వాక్యంలోకి జొరబడుతుంది. ఫ్రాంక్ తనని కాపాడతాడన్న వాక్యాన్ని ‘నేను’ పెట్టి చదవండి, చక్కగా అతుకుతుంది. చివరి పేరాలో తెల్లబోయిన ముఖం, ఏ గుర్తింపూ లేని కళ్లు అలా అతకవు. తన ముఖం తనకి కనబడదు కదా! అంతదాకా ఆమె లోపలున్న కథనం సరిగ్గా అక్కడ బయటికొచ్చేస్తుంది. అందుకే ‘భయం వల్ల ఆగింది’ అని తేల్చి రాయకండి, కథ కారణం చెప్పలేదు. ఇంటికీ రేవుకీ మధ్య ప్రయాణం కూడా కథలో లేదు, ఆ ఖాళీని మీరు పూరించొద్దు. ఫ్రాంక్ మాటలు నిజమో కాదో తేల్చే ఆధారమూ లేదు. అతని గురించి మనకి తెలిసిందంతా ఆమె ద్వారానే.

ప్రశ్న: దీన్ని చైతన్య స్రవంతి (ఆలోచనలు మనసులో పారినట్టే రాసే పద్ధతి) అనొచ్చా? కథన సిద్ధాంతకర్త జెరార్ జెనెట్ పరిభాష వాడాలా?

జవాబు: చైతన్య స్రవంతి అనకపోవడమే మంచిది. ఇక్కడ వాక్యాలు తెగిపోవు, ప్రథమ పురుష (‘ఆమె’ అంటూ చెప్పడం), భూతకాలం చెక్కుచెదరవు. జెనెట్ 1972లో చెప్పిన క్రమం (సంఘటనలు చెప్పే వరుస), వ్యవధి (ఒక్కోదానికి ఇచ్చే నిడివి), పౌనఃపున్యం (ఎన్నిసార్లు చెప్పారన్నది) – వీటిలో మొదటి రెండూ ఈ కథకి సరిపోతాయి. మూడోది కేవలం పేజీ నింపడానికైతే వదిలేయండి.