అన్వేషించారా, కనుగొన్నారా?

సందేహం: మా అబ్బాయి సాంఘికశాస్త్రం నోట్సులో 'లూయిస్, క్లార్క్ పశ్చిమ అమెరికాను కనుగొన్నారు' అని ఉంది. ఒక వ్యాసంలో 'అన్వేషించారు' అని చదివాను. ఏది సరి? అసలు వాళ్ళు ఎందుకు వెళ్ళినట్టు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మొదటి మాట సంగతి తేలికగానే తేలుతుంది. పాత కావ్యాల్లో 'కనుగొను' అంటే చూడటమే. ఆ లెక్కన వాళ్ళు కనుగొన్న మాట నిజమే. ఈ కాలపు అర్థంలో మాత్రం కుదరదు. మాండన్లు, షోషోనీలు వంటి స్థానిక జాతులవాళ్ళు తరతరాలుగా కాపురముంటున్న నేలను కొత్తగా కనుగొనడమేమిటి? 1804-05 చలికాలమంతా ఈ యాత్రికులు తలదాచుకున్నది ఆ మాండన్ల ఊళ్ళ పక్కనే!

నాకు ఇష్టమైనది రెండో మాట. అను + ఏషణ, అన్వేషణ. 'అను' అంటే వెంబడి. ఏషణలో ఉన్నది 'ఇష్' ధాతువు, ఇచ్ఛలో ఉన్నదే. ఉపనిషత్తు చెప్పే పుత్రైషణ, విత్తైషణ (ధనం మీద కోరిక), లోకైషణ దీని అక్కచెల్లెళ్ళు. అంటే కోరిక లేనిదే అన్వేషణ లేదు, కోరినదేదో చెప్పందే ఆ మాట నిండదు. వానరులు చేసింది సీతాన్వేషణ. హనుమంతుడు లంక అంతా గాలించాడు కదా అని దాన్ని లంకాన్వేషణ అన్నవాళ్ళు లేరు.

మరి వీళ్ళ ఏషణ ఏది? పంపినవాడు అధ్యక్షుడు జెఫర్సన్. 1803 జనవరి 18న కాంగ్రెస్‌కు రహస్య సందేశం పంపి 2,500 డాలర్లు అడిగాడు. పద్దు పేరు విదేశీ వాణిజ్య విస్తరణ. మిసిసిపీ నదికి పడమట ఉన్న లూసియానా అప్పటికింకా అమెరికాది కాదు, కొనుగోలు ఒప్పందం ఏప్రిల్ 30న జరిగింది. అందుకే అదే సందేశంలో, ఆ నేల తమదనే దేశం దీన్ని 'లిటరరీ' వ్యాసంగం అనుకుని ఊరుకుంటుందని రాశాడు. కథలూ కవితలూ అనుకునేరు! అప్పట్లో విద్యకు సంబంధించింది ఏదైనా లిటరరీయే. ప్రయాణం ఒకటే. పద్దులో వర్తకం, పరాయివాడి ముందు విద్య.

జూన్ 20న లూయిస్‌కిచ్చిన ఆదేశంలో ఇంత డొంకతిరుగుడు లేదు. మిసోరి నది పట్టుకుని వెళ్ళి, వర్తకానికి పనికొచ్చేలా పసిఫిక్ దాకా నీటిదారి ఉందేమో చూడమన్నాడు. బొచ్చుతోళ్ళ వ్యాపారం బ్రిటిష్ వాళ్ళ చేతికి పోతుందన్న బెంగ ఎలాగూ ఉంది, వాళ్ళ వర్తకుడు మెకంజీ 1793లోనే కెనడా మీదుగా పసిఫిక్ చేరాడు. విత్తైషణే అన్నమాట. అయితే అక్కడి జాతుల భాషల గురించి కూడా తెలుసుకు రమ్మన్నాడు, తాను స్వయంగా ఆ భాషల పదపట్టికలు పోగుచేసినవాడు. మాబోటివాళ్ళకు ఆయన మీద కాస్త పక్షపాతం అందుకే.

కాబట్టి 'జలమార్గాన్వేషణ' అంటే అతికినట్టు సరిపోతుంది. దారి దొరికిందా అంటే, అది వేరే సంగతి. 1805 ఆగస్టు 12న రాకీ పర్వతాల్లోని లెమ్‌హై కనుమ ఎక్కిన లూయిస్‌కు అవతల కనిపించినవి మంచు నెత్తికెత్తుకున్న కొండల వరసలు. 'ఎందెందు వెదకి చూచిన నందందే గలడు' అని పోతన ప్రహ్లాదుడు అభయమిచ్చింది చక్రి గురించే మరి, నీటిదారి గురించి కాదు.

పోతన గుర్తొచ్చాక ఒక చిక్కు. మన 'వెదకు' ఇంత పట్టింపు గల మాట కాదు. తాళంచెవీ వెతుకుతాం, దానికోసం ఇల్లంతా వెతుకుతాం. ఆ అలవాటుతో 'పశ్చిమ అమెరికాను అన్వేషించారు' అని రాసేవారిని పూర్తిగా తప్పు పట్టలేను. నేనైతే రాయను. 'ఆవిష్కరించారు' అనేవారితో మాత్రం నాకు పేచీయే. ఆవిష్కరణ విగ్రహాలకూ పుస్తకాలకూ చేసుకోండి, రాకీ పర్వతాలకు ముసుగు కప్పిందెవరు? ఇక టీవీవాళ్ళ 'ఎక్స్‌ప్లోర్ చేశారు' గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది.

మీ అబ్బాయి నోట్సులో 'కనుగొన్నారు' కొట్టేసి 'చూసి వచ్చారు' అని రాయించండి. మాస్టారు మార్కులు కోస్తే ఈ జవాబు చూపించండి.