అల్లుడూ, ఇంజన్‌ను ఇంకా పెట్టెలోంచి తియ్యకు

అల్లుడూ,

సైకిల్‌కి తగిలించే ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కిట్ వచ్చేసిందని, ఆదివారం పొద్దున మొదలెట్టి సాయంత్రానికల్లా సైకిల్‌ని మోటారు బండి చేసేస్తానని రాశావు. అంత తొందరగా చేసిన బండి మీద నేనైతే కూర్చోను. నువ్వు ఇంజన్ గురించి పది ప్రశ్నలు అడిగావు గానీ వెనక చక్రం గురించి ఒక్కటీ అడగలేదు. ఈ పనిలో ఇంజనే అన్నిటికంటే తేలిక, నాలుగు బోల్టులు బిగిస్తే కూర్చుంటుంది. అసలు కష్టమంతా వెనక చక్రానికి ఆ పెద్ద పళ్ల చక్రం, అదే స్ప్రాకెట్, తగిలించడంలో ఉంది.

ముందు సైకిల్ సంగతి. ఫ్రేమ్ ఇనుముదేనా? పల్చటి అల్యూమినియం అయితే ఆ అదురుకి అతుకుల దగ్గర పగుళ్లు వస్తాయి, ఇక ఆలోచించకు. వెనక చక్రానికి 36 స్పోకులు ఉండాలి, ఒక్కటి కూడా లూజుగా ఉండకూడదు. బ్రేకులు రెండూ కొత్త కట్టలతో, ముందే. నువ్వు తొక్కితే 15 కిలోమీటర్ల వేగం, ఇంజన్ లాగితే 30. వేగం రెండింతలే కదా అనుకుంటావు, ఆగడానికి పట్టే దూరం మాత్రం నాలుగింతలు అవుతుంది. ఇంజన్, గేర్‌బాక్స్, పెట్రోల్ ట్యాంకు బరువు దీనికి అదనం.

ఇంకోటి, ఇది పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి నడిపే టూ స్ట్రోక్ ఇంజన్ వాళ్లకి లేని తంటా. ఇంజన్ ఎక్కించాక సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టకూడదు. కింద గుంటలో ఉండాల్సిన ఆయిల్ సిలిండర్‌లోకీ ఎయిర్ ఫిల్టర్‌లోకీ పోతుంది, తర్వాత గంటసేపు తెల్ల పొగ మింగుతావు. అందుకే చక్రం పనంతా ఇంజన్ పెట్టక ముందే, సైకిల్ తలకిందులుగా ఉన్నప్పుడే ముగించేయాలి.

కిట్‌లో రెండు రబ్బరు బిళ్లలు వస్తాయి, స్పోకులకి ఒకటి లోపలి నుంచి, ఒకటి బయటి నుంచి. బయటి రబ్బరు మీద స్ప్రాకెట్, లోపలి రబ్బరు వెనక ఇనుప అర్ధచంద్రాలు, అన్నిటినీ కలిపి తొమ్మిది బోల్టులు. వరసగా ఒకదాని పక్కన ఒకటి బిగించుకుంటూ పోయావంటే స్ప్రాకెట్ ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఒక బోల్టు కొంచెం, దానికి ఎదురుది కొంచెం, అలా తిరుగుతూ నాలుగైదు విడతలుగా బిగించు. ఇప్పుడు ఒక తీగ ముక్క తీసుకుని చక్రం పక్కనున్న ఫ్రేమ్ గొట్టానికి చుట్టి, దాని కొనని పళ్లకి తగిలీ తగలనట్టు వంచి, చక్రాన్ని మెల్లగా తిప్పు. టిక్‌మని ఒక చోట తగిలి మిగతా చోట తగలకపోతే అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. సుద్దతో గుర్తు పెట్టుకో, ఎదుటి బోల్టులు కాస్త వదులు చేసి గుర్తు పెట్టిన వైపు చెక్క సుత్తితో చిన్నగా తట్టు, మళ్లీ తిప్పు. తీగని ఈసారి పక్క నుంచి ఆనించి ఊగుడు కూడా చూడు. రెండూ ఒక మిల్లీమీటరు లోపుకి వచ్చేదాకా నేను వదలను. మొదటిసారి నాకు పూట మొత్తం పట్టింది, మధ్యలో రెండుసార్లు విసుగొచ్చి లేచెళ్లిపోయాను కూడా.

ఎందుకింత చాదస్తం అంటావేమో. స్ప్రాకెట్ మధ్యకి సరిగ్గా లేకపోతే చైన్ ఒక చోట బిగుసుకుని, అరచుట్టు తిరిగేసరికి వేలాడుతుంది. అందుకే చైన్ లూజు ఎప్పుడు చూసినా చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగుసుకున్న చోట చూడాలి, అక్కడ అర అంగుళం ఆడాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగించావో, బిగువు చోటికి రాగానే అది గేర్‌బాక్స్ బేరింగుని లాగేస్తుంది. చైన్ కలిపే లింకుకి వేసే క్లిప్పుంటుంది చూడు, దాని మూసి ఉన్న కొన చైన్ పోయే దిక్కుకే ఉండాలి, తెరిచిన కొన ముందుకొస్తే ఏదో ఒకదానికి తగిలి ఊడుతుంది.

చైన్ బిగువుకని ఒక చిన్న చక్రం ఇస్తారు, వెనక ఫ్రేమ్ గొట్టానికి పట్టీతో బిగించేది. నాకు దాని మీద మంచి అభిప్రాయం లేదు. నా మొదటి బండికి అది పట్టీతో సహా తిరిగిపోయి నేరుగా స్పోకుల్లో దూరింది. వెనక చక్రం అక్కడికక్కడ పట్టేసింది, ఏడు స్పోకులు పోయాయి, నేను మెల్లగా వెళ్తున్నాను కాబట్టి మోకాలి చర్మంతో పోయింది. నిందించడానికి ఎవరూ లేరు, పట్టీ చాలా గట్టిగా ఉందని నేనే అనుకున్నాను. వీలుంటే లింకులు తీసో కలిపో, ఇంజన్‌ని కాస్త ముందుకీ వెనక్కీ జరిపో బిగువు కుదుర్చుకో. తప్పదంటే ఆ పట్టీ తిరగకుండా గొట్టానికీ దానికీ మధ్య అడ్డు కట్టు, దానికని ఫ్రేమ్‌కి మాత్రం కన్నం వెయ్యకు.

ఇంజన్ కూర్చోబెట్టేటప్పుడు ఫ్రేమ్‌కీ ఇంజన్‌కీ మధ్య మెత్తగా ఉంటుందని రబ్బరు పెట్టాలనిపిస్తుంది, వద్దు. ఇంజన్ ఊగడం మొదలైతే బోల్టులు తెగేదాకా ఊగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ వెడల్పు, పాత పెడల్ క్రాంకు, అంటే పెడళ్లు తగిలించే కడ్డీ, దానికి తగలొచ్చు, బోల్టులు పూర్తిగా బిగించక ముందే పెడళ్లు ఒక చుట్టు తిప్పి చూడు. తగిలితే కిట్‌తో వచ్చే వెడల్పు క్రాంకు వేసుకో.

పెట్రోల్‌లో ఆయిల్ కలపకు, ఇది టూ స్ట్రోక్ కాదు. ఆయిల్ విడిగా ఇంజన్‌లోకే పోయాలి. కొత్త ఇంజన్ సాధారణంగా ఆయిల్ లేకుండానే వస్తుంది, అలాగే స్టార్ట్ చేసి మొదటి రోజే పాడు చేసుకున్నవాళ్లున్నారు. 10డబ్ల్యూ-30 రకం ఇంజన్ ఆయిల్ సరిపోతుంది, పట్టేది చాలా కొంచెం, ఈ సైజు ఇంజన్లకి పావు లీటరు అటూ ఇటూ. బండి నిటారుగా నిలబెట్టే కొలత చూడు. కొన్ని ఇంజన్లలో కొలపుల్లని మర తిప్పి చూడాలి, కొన్నింట్లో ఊరికే ఆనించి చూడాలి, కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మొదటి ఆయిల్‌ని 20 గంటల్లో మార్చమని రాస్తారు, నేనైతే అయిదారు గంటలకే వంపేస్తాను. అందులో మెరిసే పొడి చూస్తే నీకే తెలుస్తుంది ఎందుకో.

స్టార్ట్ చేయడం బయట, గాలాడే చోట, వెనక చక్రం నేలకి తగలకుండా. ఈ క్లచ్ వేగం పెరిగితే తనంతట తనే పట్టుకుంటుంది, అందుకే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు, చక్రం తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ తగ్గించు. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడు, యాక్సిలరేటర్ కేబుల్ లాక్కుపోయి ఇంజన్ రేజ్ అయిందంటే కేబుల్ దారి మార్చాలి. ఇంజన్ ఆపే స్విచ్ బొటనవేలికి అందాలి.

వేగం ఎంతొస్తుందని అడిగావు కదా. చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ 20 చుట్లు తిరిగేలా ఉందనుకో, 26 అంగుళాల చక్రం చుట్టుకి రెండు మీటర్ల పైచిలుకు పోతుంది. నిమిషానికి 7000 చుట్ల దగ్గర 40 దాటుతుంది. సైకిల్ టైర్లూ ఫోర్కూ దానికి పుట్టలేదు, 30 దగ్గర ఆగు. లైసెన్సూ రిజిస్ట్రేషనూ కూడా నువ్వుండే చోట కనుక్కో, చాలా చోట్ల ఇంజన్ తగిలించిన క్షణం నుంచీ అది మోటారు బండి కిందే లెక్క.

మొదటి రోజు అయిదు కిలోమీటర్లు నడిపి ఆపు, ఇంజన్ చల్లారాక ప్రతి నట్టుకీ పానా పెట్టి చూడు. సైలెన్సర్‌వి, స్ప్రాకెట్‌వి తప్పకుండా కదిలి ఉంటాయి.

ఇంజన్ ఫొటోలు నాకు వద్దు. స్ప్రాకెట్ బిగించాక, తీగ కట్టి చక్రం తిప్పుతూ వీడియో తీసి పంపు, చప్పుడు వినపడేలా. అది చూశాకే ఇంజన్‌ని బయటికి తియ్యి.

మీ మామయ్య